సైఫాబాద్ టంకశాలలో మళ్ళీ చప్పుడు వినిపించాలి

మా నాయనమ్మ పోయిన తర్వాత ఆమె ట్రంకుపెట్టె అడుగున, మడత విప్పని పట్టుచీర కింద, ఒక చిన్న గుడ్డసంచి దొరికింది. మూతికి బిగించిన తాడు విప్పితే అయిదు వెండి రూపాయలు, ఒక ఎనిమిదణాల బిళ్ళ, నల్లబడ్డ రాగి నాణేలు కొన్ని చేతిలో పడ్డాయి. రూపాయల్లో ఒకదానికి అంచు మీద కొక్కెం అతికించి ఉంది. ఎప్పుడో దండలో గుచ్చి మెడలో వేసుకున్నదన్నమాట. రెండు బాగా అరిగిపోయాయి. మిగిలిన రెండింటి మీద అక్షరం అక్షరం నిలిచి ఉంది, కాకపోతే ముదురు బూడిద రంగు పట్టింది. అప్పుడు నాకు పదహారేళ్ళు. ఆ రంగును మురికి అనుకున్నాను. రెండింటిలో ఒకదాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి చింతపండు, ఉప్పు పెట్టి ఇత్తడి చెంబు తోమినట్టు తోమాను. తళతళలాడింది. ఇంటిల్లిపాదికీ తిప్పి చూపించాను.

ఏం చేశానో తెలియడానికి పదేళ్ళు పట్టింది. కొత్త నాణెం మీద కనిపించే మెరుపు పైపూత కాదు. అచ్చు వచ్చి బిళ్ళ మీద పడిన క్షణంలో లోహం నడిమి నుంచి అంచు వైపు పారుతుంది. ఆ పారకం వెంట్రుక కన్నా సన్నని గీతలను వదిలిపెడుతుంది. వెలుతురు వాటి మీద పడి, నాణేన్ని వంచినకొద్దీ గాలిమరలా చుట్టూ తిరుగుతుంది. ఆ గీతలు ఒక్కసారి పోతే ఇక రావు. ఇప్పుడు ఆ రెండు రూపాయలనూ కిటికీ దగ్గర పక్కపక్కన పట్టుకుంటే తేడా ఎవరికైనా తెలుస్తుంది. తోమనిదానిలో బూడిద రంగు కింద నుంచి వెలుగు కదులుతుంది. తోమినదానిలో స్టీలు గిన్నె మెరుపే ఉంది, కదలిక లేదు.

ఆ రోజు నేను తుడిచేసింది నాణేన్ని కొట్టిన యంత్రం ఆనవాలును. నాణేలు సేకరించే మాలాంటివాళ్ళం సంవత్సరం చూస్తాం, రకం చూస్తాం, ధర చూస్తాం, ఎంత అరుదో చూస్తాం. దాన్ని కన్న యంత్రం ఊసు మాత్రం ఎత్తం. చెట్టును మరిచి కాయలు లెక్కపెట్టినట్టే ఇది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. హైదరాబాదు సైఫాబాద్ టంకశాలలో నాణేలు కొట్టే పాత ముద్రణ యంత్రం కనీసం ఒక్కటైనా మళ్ళీ పనిచేయాలి. దాన్ని రంగు వేసి నిలబెట్టడం చాలదు. జనం కళ్ళెదుట అది బిళ్ళ కొట్టాలి.

యంత్రాన్ని మరిచిపోయింది మనమే గానీ మన పెద్దలు కాదు. వాళ్ళు డబ్బుకు పెట్టుకున్న పేర్లలోనే యంత్రం ఉంది. నాయనమ్మ తన రూపాయలను హాలీ అనేది, తెల్లవాళ్ళ రూపాయలను కల్దారు అనేది. హాలీ అంటే ఇప్పుడు చెలామణిలో ఉన్నది అని. కల్దారులోని ‘కల్’ అంటే యంత్రం. బ్రిటిష్ ఇండియా రూపాయి యంత్రం మీద తయారై వచ్చేది కాబట్టి జనం దాన్ని అలా పిలిచారు. దాని మీద ఉన్న రాణి బొమ్మ, రాజు బొమ్మ ఆ పేరులోకి రాలేదు, యంత్రం వచ్చింది. తర్వాత నిజాం రాజ్యంలోనూ యంత్రాలతో నాణేలు కొట్టడం మొదలైన తొలి రోజుల బిళ్ళలకు చర్ఖీ అనే పేరు నిలిచింది. అది చక్రం నుంచి వచ్చిన మాట. సేకర్తలు ఇస్లామీ కేలండరు ప్రకారం హిజ్రీ 1312 నుంచి 1318 వరకు వచ్చిన నాణేలను ఇప్పటికీ చర్ఖీ అనే పిలుస్తారు. సంతలో కూరగాయలు అమ్ముకునే మనిషికి కూడా తన చేతిలోని రూపాయి సుత్తితో కొట్టినదా, చక్రం తిప్పి కొట్టినదా అన్నది పట్టింపే.

ఆ పట్టింపుకు కారణం ఉంది. సుత్తి రూపాయి ఎలా పుట్టేదో చూడండి. కింది అచ్చును దిమ్మలో బిగిస్తారు. కాల్చి మెత్తబరిచిన వెండి బిళ్ళను దాని మీద పెడతారు. పై అచ్చును చేత్తో పట్టుకుంటే ఇంకొకరు సమ్మెటతో ఒక్క దెబ్బ వేస్తారు. అచ్చు మీద చెక్కినదంతా బిళ్ళ మీద పట్టదు, ఎందుకంటే అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. ఒక నాణెం మీద రాజు పేరు సగం పడితే ఇంకొకదాని మీద సంవత్సరం అంచు దాటిపోతుంది. అంచు ఎక్కడికక్కడ వంకరగా ఉంటుంది కాబట్టి దొంగచేతివాళ్ళు కాస్త గీకి వెండి తీసుకున్నా పోల్చుకోలేం. అందుకే డబ్బు పరీక్షించి మార్చే షరాబుల అవసరం ఏర్పడింది. ప్రతి రూపాయినీ రాతి మీద మోగించి, తూచి, కొన్నిసార్లు చిన్న గంటు పెట్టి, వట్టం తీసుకుని మార్చేవాళ్ళు. పేదవాడి రూపాయికి పదహారణాలూ దక్కేవి కావు.

యంత్రం ఆ వంకర అంచును పోగొట్టింది. బిళ్ళ చుట్టూ ఉక్కు వలయం పెట్టి కొట్టడంతో ప్రతి రూపాయీ ఒకే గుండ్రనంలో, అంచు మీద వరసగా నొక్కులతో వచ్చింది. ఆ నొక్కులను అందం కోసం పెట్టలేదు. ఒక్కచోట గీకినా గీత తెగి కంటికి తెలిసిపోతుంది. రూపాయిని నమ్మడానికి షరాబు అక్కరలేదు, బొటనవేలు చాలు. కల్దారు అన్న పేరులో జనం పెట్టుకున్నది ఆ నమ్మకం. ఆ ఒక్క మాట కోసమే యంత్రాన్ని కాపాడుకోవచ్చు అనిపిస్తుంది నాకు.

హైదరాబాదు టంకశాల చరిత్ర 1803లో నిజాం సికందర్ జా కాలంలో పాతబస్తీలోని సుల్తాన్ షాహీలో మొదలవుతుంది. 1857 వరకు ఇక్కడి నాణేల మీద ఢిల్లీ మొగలు చక్రవర్తి పేరే ఉండేది. ఆ పాదుషాహీ కూలిపోయాక నిజాముల బిరుదైన ఆసఫ్ జా పేరు వచ్చింది. దానితో పాటు 92 అన్న అంకె కూడా వచ్చింది. అరబ్బీ అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో విలువ ఉంటుంది. మహమ్మద్ అన్న పేరులోని అక్షరాలను కూడితే, 40, 8, 40, 4 కలిపి, 92 వస్తుంది. ఈ రూపాయి మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్ళు దాన్ని సంవత్సరం అనుకుని తికమకపడతారు. నేనూ పడ్డాను. అప్పట్లో గద్వాల, నారాయణపేట లాంటి చోట్ల కూడా టంకశాలలు నడిచేవి. దివానుగా ఉన్న మొదటి సాలార్ జంగ్ జిల్లాల టంకశాలలను మూయించి నాణేల పనిని రాజధానికి తెచ్చాడు. 1895లో లండన్ నుంచి కొత్త యంత్రాలు వచ్చాయి. 1903 జూలైలో టంకశాల సైఫాబాదుకు మారింది.

ఆ సైఫాబాద్ టంకశాల ఆవరణే మింట్ కాంపౌండ్. హైదరాబాదులో ఆ పేరు అనగానే ఎవరికైనా కరెంటు ఆఫీసే గుర్తుకొస్తుంది. నేను కూడా మొదట మీటరు పని మీదే వెళ్ళాను. ఆటో అతనికి మింట్ కాంపౌండ్ అని చెప్పాను, అతను తీసుకెళ్ళాడు. ఆ ‘మింట్’ ఏమిటన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. కాగితాల మీద సంతకాలయ్యాక బయటికి వచ్చి పాత గోడల వైపు చూస్తూ నిలబడ్డప్పుడు తట్టింది: నాయనమ్మ సంచిలోని రూపాయి పుట్టిన చోటు ఇదే. ఆమె పల్లెలో పుట్టి పల్లెలోనే పోయింది, ఈ ఊరు ఎన్నడూ చూడలేదు. ఇక్కడ కొట్టిన బిళ్ళ మాత్రం ఎన్ని చేతులు మారిందో, ఆమె దాకా వచ్చి ఆగింది.

ఆ రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో చార్మినార్ నడి కమానులో ‘మీమ్’ అక్షరం పెట్టారు, అది ఆయన పేరులోని మొదటి అక్షరం. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అక్కడికి ‘ఐన్’ వచ్చింది. కట్టడం అదే, కమానూ అదే, లోపలి అక్షరం మాత్రం మారింది. నా దగ్గరున్నది హిజ్రీ 1330 నాటిది, అంటే 1911 డిసెంబరు చివర మొదలైన సంవత్సరం. రెండో వైపు విలువ, టంకశాల పేరు ఉంటాయి. హైదరాబాదు అన్న ఊరి పేరుకు ‘ఫర్ఖుందా బునియాద్’ అన్న బిరుదు తగిలించారు, శుభమైన పునాది గలది అని.

ఇక బరువు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నాకు ఈ లెక్క అంటే అంత ఇష్టం. హాలీ రూపాయి 11.178 గ్రాములు, అందులో వెయ్యికి 818 పాళ్ళు వెండి. కల్దారు 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం. అందుకే రూపాయి ఎత్తు అని తూకానికి కూడా దాన్నే వాడారు. దానిలో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. గుణిస్తే హాలీలో 9.14 గ్రాముల వెండి, కల్దారులో 10.69 గ్రాముల వెండి తేలుతుంది. ఏడు హాలీలలో ఉన్న వెండి 64 గ్రాములు. ఆరు కల్దార్లలో ఉన్న వెండి 64.1 గ్రాములు. రెండు డబ్బుల మధ్య మారకం ఎంతో తెలుసా? ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. నూరు కల్దార్లు కావాలంటే నూటపదహారు హాలీల పదణాల చిల్లర ఇచ్చుకోవాలి. ఈ లెక్కను నేను ఇంట్లో చిన్న తక్కెడ, కాగితం, పెన్సిలు పెట్టుకుని చేశాను. వెండి లెక్క కూడా ఏడుకు ఆరే అని తేలినప్పుడు చాలాసేపు కాగితం వైపే చూస్తూ ఉండిపోయాను. చదువు రాని మా నాయనమ్మ ‘ఆరు కల్దార్లకు ఏడు హాలీలు’ అని ఎక్కాలు అప్పజెప్పినట్టు అనేది. ఆమె చెప్పింది వెండి లెక్క.

ఆ లెక్క నిలబడాలంటే ప్రతి బిళ్ళా ఒకే బరువుతో, ఒకే కల్తీతో రావాలి. లక్షల బిళ్ళలు. చేతిపనిలో అది కుదరదు. టంకశాలలో పని ఇలా సాగుతుంది. వెండిని, కలపాల్సిన లోహాన్ని మూసల్లో కరిగించి కడ్డీలు పోస్తారు. కడ్డీలను రోలర్ల మధ్య పదేపదే నొక్కి రేకులు చేస్తారు. రేకుల నుంచి గుండ్రని బిళ్ళలు కొట్టి తీస్తారు. మిగిలిన చిల్లుల రేకు మళ్ళీ మూసలోకి పోతుంది. నొక్కుడుకు గట్టిపడ్డ బిళ్ళలను కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, ఆమ్లంలో కడిగి తెల్లబరుస్తారు, అంచును కొంచెం పైకి లేపుతారు. తేలికైన బిళ్ళ, బరువైన బిళ్ళ పక్కకు పోతాయి. ఇంత జరిగాకే ముద్రణ యంత్రం దగ్గరికి వస్తాయి.

ఆ కాలపు ముద్రణ యంత్రాల రహస్యం మనిషి మోకాలిలో ఉంది. వంగిన మోకాలును నిటారుగా చాపుతున్నప్పుడు చివరి అంగుళంలో ఎంత బలం వస్తుందో, బరువు ఎత్తినవాళ్ళకు తెలుసు. రెండు ఉక్కు ముక్కలను కీలుతో కలిపి, చక్రం తిరిగినప్పుడల్లా ఆ కీలు వంగి, చాపుకునేలా అమర్చారు. చాపుకున్న క్షణంలో పై అచ్చు కిందికి దిగి, వలయంలో కూర్చున్న బిళ్ళను కింది అచ్చుకు నొక్కుతుంది. సుత్తిలా పైనుంచి పడి కొట్టదు, గట్టిగా అదిమి వదులుతుంది. 1817లో జర్మనీలో ఉల్‌హార్న్ ఈ పద్ధతికి రూపం ఇచ్చాడు. అంతకుముందు ఇంగ్లండులో బౌల్టన్ ఆవిరితో నడిచే యంత్రాలు పెట్టాడు గానీ అవి మర తిప్పి దించే రకం. మోకాలి యంత్రం వచ్చాక పని నిలకడగా, ఆగకుండా సాగింది. చక్రం ఒక చుట్టు తిరిగితే మూడు పనులు ఒకేసారి అవుతాయి: బొమ్మ పడుతుంది, బొరుసు పడుతుంది, అంచున నొక్కులు పడతాయి.

ఈ మాటలు మీరు చదివారు. ఎంతవరకు కళ్ళకు కట్టాయి? అసలు చిక్కు అదే. అలాంటి యంత్రం తిరుగుతుంటే ఒక్క నిమిషం చూసినవాడికి ఈ రెండు పేరాలూ అక్కరలేదు. ఆగిన యంత్రం ముందు నిలబడ్డవాడికి ఇరవై పేరాలు చదివినా అది ఇనుప గుట్టలాగే ఉంటుంది.

1950లో సైఫాబాద్ టంకశాల భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. హాలీ రూపాయి 1959 వరకు చెల్లుబాటులో ఉండి ఆ తర్వాత రద్దయింది. టంకశాల మాత్రం మన దేశపు నాణేలు కొడుతూనే ఉంది. జేబులోని రూపాయి మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం కనబడితే అది హైదరాబాదులో పుట్టిందని గుర్తు. ముంబయిదానికి వజ్రం ఆకారం, నోయిడాదానికి చుక్క, కలకత్తాదానికి ఏ గుర్తూ ఉండదు. 1997 ఆగస్టులో పని చర్లపల్లికి మారింది. సైఫాబాద్ మూతపడి పాతికేళ్ళు అలాగే ఉండిపోయింది. 2022 జూన్‌లో అక్కడ మ్యూజియం ప్రారంభించారు. అది మంచి పని. ఆ గోడలను పడగొట్టకుండా, ఆ పనిముట్లను తుక్కు కింద అమ్మకుండా నిలబెట్టినవాళ్ళకు నా నమస్కారం. ఇంకొక్క అడుగు వెయ్యమని అడుగుతున్నాను.

అది గాలిలో మేడ కాదని చెప్పడానికి అమెరికాలోని ఒక యంత్రం కథ చెప్పాలి. నెవాడా రాష్ట్రంలోని కార్సన్ సిటీ టంకశాలకు ఫిలడెల్ఫియా నుంచి ఒక ముద్రణ యంత్రం వచ్చింది. దాదాపు ఆరు టన్నుల బరువు, మోకాలి కీలుతో పనిచేసే రకమే. 1870 ఫిబ్రవరిలో అది అక్కడి మొదటి వెండి డాలర్లు కొట్టింది. 1878లో దాని పై కమాను పగిలితే ఊళ్ళోని రైల్వే వర్క్‌షాపు వాళ్ళు కొత్త కమాను పోసి బిగించి, తమ కంపెనీ పేరున్న ఇత్తడి పలక తగిలించారు. 1893లో కార్సన్ సిటీలో నాణేల పని ఆగిపోయింది. యంత్రం ఫిలడెల్ఫియాకు, ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోకు చేరింది. 1955లో తుక్కు కింద పోవాల్సిందే. నెవాడా మ్యూజియం 225 డాలర్లు ఇచ్చి వెనక్కి తెచ్చుకుంది.

ఇక్కడే నన్ను కదిలించే ఘట్టం ఉంది. 1964లో అమెరికాలో చిల్లర కరువు వచ్చింది. మ్యూజియంలో ఉన్న ఆ ముసలి యంత్రాన్ని డెన్వర్ టంకశాల అరువు తీసుకుంది. తొంభై ఏళ్ళు దాటిన యంత్రం మూడేళ్ళలో 18 కోట్ల 80 లక్షలకు పైగా నాణేలు కొట్టి ఇంటికి తిరిగి వచ్చింది. ఇప్పుడు అదే పాత టంకశాల భవనంలో, చూడవచ్చినవాళ్ళ ఎదుట వెండి పతకాలు కొడుతోంది. కార్సన్ సిటీ డాలర్లంటే అక్కడి సేకర్తలు ప్రాణం పెడతారు. వాళ్ళు ఆ డాలరును చేత పట్టుకుని, అది వచ్చిన యంత్రం పక్కన నిలబడి, అది తిరిగే చప్పుడు వినగలరు. మన హాలీ రూపాయిని పట్టుకుని మనం అలా నిలబడలేం.

ఆ డాలర్లకూ మనకూ ఒక బంధుత్వం కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇండియాలో వెండి కరువైంది. 1918లో అమెరికా తన ఖజానాలోని దాదాపు 27 కోట్ల వెండి డాలర్లను కరిగించింది. అందులో ఎక్కువ భాగం వెండి మన దేశంలోని రూపాయల కోసం బ్రిటన్‌కు అమ్మింది. ఏ టంకశాల డాలర్లు ఎన్ని కరిగాయో ఎవరూ విడిగా రాసుకోలేదు. హైదరాబాదు రాజ్యం సొంత కాగితం నోట్లు మొదలుపెట్టింది కూడా ఆ వెండి కరువు రోజుల్లోనే.

నా కోరికకు ఎదురయ్యే అభ్యంతరాలను తేలిగ్గా తీసుకోను. మొదటిది మ్యూజియం పని తెలిసినవాళ్ళది: పాత వస్తువును వాడితే అరుగుతుంది, అరిగితే చరిత్ర పోతుంది. శిల్పం విషయంలో, తాళపత్రం విషయంలో అది అక్షరాలా నిజం. చింతపండుతో రూపాయి తోమినవాడిని, అరుగుదల అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. కానీ యంత్రం తయారయ్యిందే భాగాలు మార్చుకుంటూ బతకడానికి. టంకశాలలో అచ్చులు విరిగేవి, కీళ్ళు అరిగేవి, బెల్టులు తెగేవి, ఆ రోజుకారోజు మార్చేవాళ్ళు. కార్సన్ సిటీ యంత్రానికి మారిన కమాను దాని చరిత్రలో భాగమే అయ్యింది, మచ్చ కాలేదు. ఉన్నవాటిలో ఒక్కదాన్ని ఎంచుకుని, తక్కినవాటిని ముట్టకుండా ఉంచి, దాని మీద రోజుకు పట్టుమని పది మెత్తని వెండి బిళ్ళలు కొడితే అరుగుదల ఎంత? కదలకుండా పడి ఉన్న ఇనుముకు తుప్పు కూడా అరుగుదలే. పైగా యంత్రం ఆగిపోతే దాన్ని నడిపే చేతి నేర్పు కూడా పోతుంది. ఎక్కడ నూనె వెయ్యాలి, ఏ చప్పుడుకు భయపడాలి, అచ్చు ఎంత బిగిస్తే విరగదు అన్నవి పుస్తకంలో దొరకవు. ఒకరి పక్కన నిలబడి ఇంకొకరు నేర్చుకోవాలి.

రెండో అభ్యంతరం సేకర్తలది. పాత యంత్రం మీద కొత్త బిళ్ళలు కొడితే నకిలీలు పెరుగుతాయని. నకిలీలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి, వాటికి పాత యంత్రం అక్కరలేదు. పోత పోసిన నకిలీ రూపాయి మీద సన్నని గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత, మొద్దుబారిన అక్షరాలు ఉంటాయి. రాతి మీద వేస్తే మోత చచ్చిపోతుంది. నేను అడిగేది రూపాయి నకలు కాదు. విలువ లేని పతకం, దాని మీద కొట్టిన సంవత్సరం స్పష్టంగా ఉండాలి. డబ్బులా చెల్లే బిళ్ళను సర్కారు తప్ప ఎవరూ కొట్టరాదని చట్టం చెబుతోంది. పతకం కొట్టడానికి అడ్డు లేదు, పైగా ఆ టంకశాల సర్కారుదే.

మూడోది నేను తలవంచి వినవలసిన అభ్యంతరం. నిజాం పాలనను నెత్తిన పెట్టుకోవడమెందుకని అడుగుతారు. ఆ పాలనలో వెట్టి చేసినవాళ్ళ మనవలు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. ఆ రూపాయలతో పన్ను కట్టలేక భూమి పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి చార్మినార్ రూపాయి ఎంత అందమైనదో నేను వర్ణించలేను. కానీ టంకశాల నిజాం ఒక్కడిది కాదు. మూసల దగ్గర చెమటోడ్చినవాళ్ళు, అచ్చులు చెక్కినవాళ్ళు, చక్రాలకు నూనె వేసినవాళ్ళు, తక్కెడ పట్టినవాళ్ళు ఉన్నారు. బిళ్ళ మీద పేరు పడనివాళ్ళు వాళ్ళంతా. యంత్రం వాళ్ళ పనిముట్టు. పతకం మీద నిజాం అక్షరం ఉండనక్కరలేదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన పాత నాణేల మీద గోబద, నారన, సమగోప అన్న స్థానిక పాలకుల పేర్లు ఉన్నాయి. శాతవాహన సిముకుడి నాణేలు కూడా అక్కడే దొరికాయి. సైఫాబాద్ యంత్రం మీద కోటిలింగాల గుర్తు కొట్టండి. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ పెట్టండి. రెండువేల ఏళ్ళ నాణేల పని ఒక్క బిళ్ళలో పడుతుంది. మా ఊరి వెట్టివాళ్ళ మనవడు దాన్ని అక్కడే, వేడి ఆరకముందే చేతిలోకి తీసుకోగలగాలి.

సేకర్తలతో కూడా ఒక మాట చెప్పాలి. మన చేతుల్లో కూడా తప్పు ఉంది. నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, అది ఎంత బాగుందో చెప్పే ఒక అంకె వేయించుకుని, ఆ అంకెను కొని అమ్ముతున్నాం. సాదా ఎనిమిదణాల బిళ్ళకు దాని విలువకు మించిన ఖర్చు పెట్టి పెట్టె కట్టించడం చారాణా కోడికి బారాణా మసాలా. పెట్టెలో పడ్డాక అంచు కనబడదు, మోత వినబడదు, బరువు తూచలేం. యంత్రం ఆనవాళ్ళు ఎక్కువగా ఉండేది ఆ అంచులో, మోతలో, బరువులోనే. కొక్కెం ఉన్న రూపాయిని చూసి పాడైందని పెదవి విరిచేవాళ్ళను కూడా చూశాను. ఒకాయన దాన్ని పెకలించి, రాపిడి పెట్టి, కొత్తదానిలా చేసి ఇస్తానన్నాడు. నేను ఇవ్వలేదు. అది నాయనమ్మ మెడలో ఉన్న రూపాయి. ఇంకొక సంగతి. వందేళ్ళు దాటిన నాణెం మన చట్టంలో పురావస్తువు, దాన్ని దేశం దాటించరాదు. 1330 రూపాయి ఆ గీత దాటి చాలాకాలమైంది. ఇంట్లో ఉన్నంత మాత్రాన అది కేవలం మన సొత్తు కాదన్నమాట.

ఇంతకీ ఆ తోమని రూపాయి మీద నాకు చాలా ఇష్టమైనది ఒకటుంది. భూతద్దం పెట్టి చూస్తే చార్మినార్ ఎడమ మీనారు పక్కన మొదలై, అక్షరాలను కోసుకుంటూ అంచు దాకా పోయే సన్నని గీత కనిపిస్తుంది. గోటితో రాస్తే తగులుతుంది, ఎందుకంటే అది లోపలికి గీసిన గీత కాదు, ఉబ్బి ఉన్న గీత. గీటు పడితే లోపలికి ఉండాలి. ఇది ఉబ్బి ఉందంటే పగిలింది నాణెం కాదు, అచ్చు. ఉక్కు అచ్చు బీటువారింది, ఆ బీటలోకి వెండి పారింది. బీట పడ్డ అచ్చుతోనే యంత్రం ఆ రోజు పని సాగించింది. ప్రతి బిళ్ళకూ ఆ బీట కాస్త పెరుగుతూ పోయి ఉంటుంది. ఒక మిత్రుడి దగ్గర అదే సంవత్సరం, అదే అచ్చు నుంచి వచ్చిన రూపాయి ఉంది. అక్షరాల అమరిక ఒక్కటే. దాని మీద గీత మీనారు దగ్గరే ఆగిపోయింది. అంటే అది నా రూపాయి కన్నా ముందు పుట్టింది. గంట ముందో, పూట ముందో. ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే 1330లో ఒక రోజు ఆ యంత్రం ఎటు నుంచి ఎటు నడిచిందో కళ్ళ ముందు ఉంటుంది.

మూడోది కావాలి. గీత అంచు తగిలాక అవతలి వైపుకు కూడా పాకి, ముక్క ఊడిపోయే దశలో కొట్టిన రూపాయి ఎక్కడో ఒక ట్రంకుపెట్టెలో ఉండే ఉంటుంది. మీ ఇంట్లో చార్మినార్ ఉన్న వెండి రూపాయి ఉంటే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎడమ మీనారు పక్కన చూడండి. తోమకండి, నల్లగా ఉన్నా అలాగే ఉండనివ్వండి. గీత కనబడితే రెండు వైపులా, అంచుతో సహా ఫొటో తీసి పంపండి.